బొగ్గు పోయే దారిని ఎవరు నిర్ణయించాలి?

గొయ్యి ఒకచోట, దుమ్ము మరొకచోట - సత్తుపల్లి రైలుమార్గం నేర్పిన పాఠం

(మా గ్రామీణ విలేకరి)

సత్తుపల్లి: బొగ్గు గని అనగానే మన జిల్లా వారికి ముందుగా గుర్తుకు వచ్చేది గొయ్యి. పొలం పోయినవారు పొలం సంగతి చెబుతారు. కొలువు దొరికినవారు కొలువు సంగతి చెబుతారు. కాని పొలమూ పోక, కొలువూ రాక, గొయ్యిని ఒక్కసారి కంటితోనైనా చూడక, గని బరువు మోసేవారు వేరే వున్నారు. వారు బొగ్గు పోయే దారి పక్క ఊళ్ళవారు. వారి గోడు భూసేకరణ లెక్కలలోకి రాదు, నష్టపరిహారం జాబితాలోకి అసలే రాదు.

సత్తుపల్లి ప్రాంతంలో ఓపెన్ కాస్టు గనులు వచ్చాక ఏళ్ళ తరబడి అక్కడి బొగ్గు లారీల మీద కొత్తగూడెం వైపు, రుద్రంపూర్ కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటుకు పోయేది. భద్రాచలం రోడ్డు స్టేషన్ నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల రైలుమార్గం సింగరేణి, రైల్వే కలిసి వేశాయి. 2022లో దాని మీద బొగ్గు రైళ్ళు నడవడం మొదలయింది. అదే ఏడాది నవంబరు 12న రామగుండంలో జరిగిన సభలో ప్రధానమంత్రి ఈ మార్గాన్ని జాతికి అంకితం చేశారు. దీని ఖర్చు సుమారు వెయ్యి కోట్ల రూపాయలని అప్పుడు ప్రకటించారు. రోడ్డు మీది పెద్ద భారం పట్టాల మీదికి మళ్ళింది.

గని అదే, బొగ్గు అదే, కొనుగోలుదారులూ వారే. మారినది దారి మాత్రమే. దారి మారగానే కొన్ని ఊళ్ళ వాకిళ్ళ మీద దుమ్ము తగ్గింది. అంటే ఆ దుమ్ము వారి నుదుటి రాత కాదు. ఎక్కడో ఎవరో తీసుకున్న నిర్ణయం. మరి ఆ నిర్ణయం గని తెరవక ముందే ఎందుకు జరగరాదు? ముందుముందు జిల్లాలో కొత్త గని వచ్చినా, పాత గని పెరిగినా ప్రతి గ్రామమూ వేయవలసిన ప్రశ్న ఇదే. ఈ ప్రశ్న సరిగా వేయాలంటే బొగ్గు నేలలో నుంచి రైలు పెట్టె దాకా ఎలా వస్తుందో కొంత తెలియాలి.

తట్ట నుంచి డంపరు దాకా

మన ప్రాంతానికి బొగ్గు కొత్త కాదు. 1871లో కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలయింది. అప్పటి పెద్దలు ఇల్లందును 'బొగ్గుట్ట' అనే పిలిచేవారు. ఆ నాటి గనులలో మనిషి భూమి లోపలికి దిగి, బొగ్గును పగలగొట్టి, తట్టలతో టబ్బులకు ఎత్తవలసి వచ్చేది. ఊరి వారికి పైన కనిపించేది ఒక చిమ్నీ, ఒక సైరన్, షిఫ్టు దిగివచ్చే నల్లటి మనుషులు. పైన పొలాలు చాలావరకు పొలాలుగానే వుండేవి.

సింగరేణిలో యంత్రాలతో ఓపెన్ కాస్టు తవ్వకం 1975లో రామగుండంలో ఆరంభమయింది. ఇప్పుడు సంస్థ తీసే బొగ్గులో అత్యధిక భాగం ఇలా పైనుంచి తీసేదే. 2023-24లో సింగరేణి ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది. మరోవైపు, 1990 దశకం మొదట్లో లక్షకు పైగా వున్న కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపులకు దిగివచ్చింది. బొగ్గు పెరిగింది, మనుషులు తగ్గారు. మధ్యలో వచ్చినవి యంత్రాలు, కాంట్రాక్టు పనులు.

భూగర్భ గనిలో మనిషి బొగ్గు దగ్గరకు పోతాడు. ఓపెన్ కాస్టులో బొగ్గు మీద వున్నదంతా పక్కకు జరిపి బొగ్గును బయటపెడతారు. తేడా ఇంతే. కాని ఊరి మీద పడే బరువులో తేడా అంతా ఇక్కడే వున్నది.

మట్టి పనే ఎక్కువ

కొండను తవ్వి ఎలుకను పట్టడమని మనవాళ్ళు ఎగతాళికి అంటారు. ఓపెన్ కాస్టులో అది రోజువారీ పని. సింగరేణి ఓపెన్ కాస్టులన్నీ కలిపి చూస్తే, టన్ను బొగ్గుకు సగటున ఆరు ఘనపు మీటర్ల పైచిలుకు మట్టి, రాయి తీయవలసి వస్తున్నది. రైతు భాషలో చెప్పాలంటే, టన్ను బొగ్గు కోసం రెండు మూడు ట్రాక్టరు ట్రక్కుల మట్టిని ఎత్తి మరోచోట పోయాలి.

దీన్ని మన బోరు మోటారుతోనే లెక్క చూద్దాం. ఐదు హార్స్ పవర్ మోటారు గంటసేపు నడిస్తే ఇంచుమించు నాలుగు యూనిట్ల కరెంటు కాలుతుంది. యూనిట్ కరెంటుకు థర్మల్ స్టేషనులో ముప్పాతిక కిలో అటూ ఇటూగా బొగ్గు మండించాలి. అంటే గంట నీటికి మూడు కిలోల బొగ్గు. ఆ మూడు కిలోల కోసం గనిలో నలభై కిలోల దాకా మట్టీ, రాయీ కదలాలి. బొగ్గు వద్దని గ్రామస్థులు ఎవరూ అనడం లేదు. మన మడికి పారే నీటిలోనూ ఆ బొగ్గు వున్నది. అది వచ్చే తీరును గురించి మాత్రమే ఇక్కడి మాట.

పని వరుస ఇలా వుంటుంది. మొదట చెట్లు కొట్టి, పైపొర మన్ను వేరుగా తీసి కుప్ప పోస్తారు. చివరకు మట్టి గుట్టల మీద మళ్ళీ చెట్లు బతకాలంటే ఈ పైమన్ను కావాలి. దానిని అడుగు రాళ్ళతో కలిపి పారేస్తే ఆ గుట్ట మీద గడ్డి కూడా సరిగా మొలవదు. తరువాత నేలను మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ దిగుతారు. ఈ మెట్లనే 'బెంచీలు' అంటారు. దిగుడుబావి మెట్లను ఊహించుకుంటే సరిపోతుంది, కాకపోతే ఒక్కొక్క మెట్టు మనిషికన్నా ఎంతో ఎత్తు వుంటుంది.

మధ్యాహ్నం పేలుడు

రాయి గట్టిగా వున్నచోట డ్రిల్లు యంత్రాలతో ఆరు అంగుళాల నుంచి పది అంగుళాల వెడల్పు రంధ్రాలు వేసి, మందు నింపి, పైన డ్రిల్లు పొడితో బిగించి పేలుస్తారు. రంధ్రాలన్నీ ఒక్కసారే పేలవు. ఒకదాని తరువాత ఒకటి, క్షణంలో వందో వంతుల తేడాతో పేలేటట్టు అమరుస్తారు. అన్నీ ఒక్కసారే పేలితే నేల అదురు భరించరానంత వుంటుంది. ఒక విడతలో ఎంత మందు పేలుతున్నదన్న దానిని బట్టే ఊరి గోడల మీద అదురు వుంటుంది. అందువల్ల మొత్తం మందు ఎంత అని మాత్రమే అడిగితే చాలదు. విడతకు ఎంత అని కూడా అడగాలి.

2017 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పేలుడు చోటు చుట్టూ 500 మీటర్లు ప్రమాద ప్రాంతం. సైరన్ మోగించి, దారులకు కాపలా పెట్టి, ఆ లోపల వున్నవారు క్షేమంగా తప్పుకున్నాకనే పేల్చాలి. ఇళ్ళ గోడల సంగతికి మరొక లెక్క వున్నది. గనుల భద్రతా విభాగం (డీజీఎంఎస్) 1997లో జారీ చేసిన సర్క్యులర్‌లో, గనికి చెందని మామూలు ఇళ్ళ దగ్గర నేల అదురుకు హద్దులు విధించింది. అదురు నెమ్మది తరంగంగా వచ్చినప్పుడు సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటరాదు. వేగం తరంగమైతే 10, 15 దాకా అనుమతి వున్నది. దీనిని కొలిచే యంత్రాన్ని ఇంటి పక్కనే పెట్టి చూడవచ్చు.

గోడ పగిలితే "పేలుడు వల్లనే" అని ఊరివారు, "పునాది లేక" అని అధికారులు వాదించుకోవడం గని పక్క ఊళ్ళలో కొత్త కాదు. ఆ వాదన తెగాలంటే యంత్రం చూపిన అంకె కావాలి. అంకె లేని వాదనలో నోరు పెద్దవాడే గెలుస్తాడు. పేలుడు జరిగిన రోజు, వేళ, యంత్రం చూపిన అంకె పంచాయతీ నోటీసు బోర్డు మీద రాయించుకోవడం పెద్ద ఖర్చు కాదు. రాయించుకునే పట్టుదల కావాలి.

గొయ్యిలోని రోడ్డు

పేలిన రాయిని షావెల్ ఎత్తి డంపరులో పోస్తుంది. నాలుగైదు బొచ్చెలకు డంపరు నిండిపోతుంది. ఇందులో 35 టన్నులవి వున్నాయి, 60 టన్నులవి వున్నాయి, 100 టన్నులవీ వున్నాయి. వంద టన్నుల డంపరు చక్రం పక్కన నిలబడితే చక్రమే మనిషికన్నా ఎత్తు. డ్రైవరు మేడమీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. తన బండికి దగ్గరలోని జీపు అతనికి కనిపించదు. అందుకే గనిలో తిరిగే జీపులకు పొడవాటి కర్రకు జెండా కట్టి వుంటుంది.

గొయ్యిలో డంపర్లు నడిచే బాటను హాల్ రోడ్డు అంటారు. దాని మీద కట్టుదిట్టం చాలా వుంటుంది. ఎదురెదురు బండ్లు భద్రంగా తప్పుకునే వెడల్పు వుండాలి. ఎత్తు సాధారణంగా పదహారు అడుగుల నడకకు ఒక అడుగుకు మించరాదు. గొయ్యి వైపు అంచున గట్టు వేయాలి, బండి పట్టు తప్పినా ఆ గట్టు ఆపాలి. రోడ్డు ఎండకుండా ట్యాంకర్లు నీళ్ళు చల్లాలి. దుమ్ము లేస్తే వెనక డ్రైవరుకు ముందు బండి కనిపించదు, ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి గొయ్యి లోపల దుమ్ము అణచడం భద్రతకు సంబంధించిన విషయం. నీళ్ళ ట్యాంకరు రాకపోతే డ్రైవర్లే అడుగుతారు, యూనియన్లు నిలదీస్తాయి, తనిఖీ అధికారులు తప్పు రాస్తారు.

ఇక్కడొక సంగతి పాఠకులు గమనించాలి. ఇదే బొగ్గు గని గేటు దాటి మన పంచాయతీ రోడ్డు ఎక్కగానే ఈ కట్టుదిట్టమంతా పలచబడిపోతుంది. లోపల డంపరుకు తన రోడ్డు తనకే. బయట లారీకి, బడికి పోయే పిల్లకు, ఎడ్లబండికి, పెండ్లి ఊరేగింపుకు కలిపి ఒకటే రోడ్డు. లోపల నీళ్ళు చల్లకపోతే అడిగేవారు వున్నారు. బయట ఎవరిని అడగాలో తెలియదు. గనివారిని అడిగితే లారీ కాంట్రాక్టరుదంటారు. కాంట్రాక్టరును అడిగితే రోడ్లు భవనాల శాఖ పని అంటాడు. ఆ శాఖవారు బరువు ఎక్కించినవారిని అడగమంటారు. చుట్టూ తిరిగి ప్రశ్న మళ్ళీ ఊరిలోకే వస్తుంది.

నిమిషానికి ఒక లారీ

రోడ్డు రవాణా అంటే ఎంతో తెలియాలంటే చిన్న లెక్క చాలు. ఏడాదికి 50 లక్షల టన్నులు తీసే గని ఒకటి వున్నదనుకుందాం. ఏడాదిలో మూడు వందల రోజులు పని జరిగినా రోజుకు దాదాపు 16,700 టన్నులు బయటకు పోవాలి. లారీకి పాతిక టన్నులు వేస్తే రోజుకు 670 లారీలు. నిండుగా పోయిన ప్రతి లారీ ఖాళీగా తిరిగి రావాలి. అంటే దారి పక్క ఇంటిముందు నుంచి రోజుకు 1,340 సార్లు. రాత్రీ పగలూ కలిపి రోజుకు వున్నవి 1,440 నిమిషాలు. ఇంచుమించు నిమిషానికి ఒక లారీ!

ఇది ఒక్క గనికే. లారీ పాతిక టన్నులకు మించి వేస్తే సంఖ్య తగ్గవచ్చు గాని రోడ్డు త్వరగా చెడుతుంది. గుంత పడినచోట లారీ కుదుపుతుంది. కుదిపినచోట బొగ్గు రాలుతుంది. రాలిన బొగ్గును వెనక లారీ చక్రం పొడి చేస్తుంది. ఆ పొడి వాకిట్లోకి, నీళ్ళ బిందెలోకి, మిరప కల్లం మీదికి వస్తుంది. పొద్దున ఊడ్చిన వాకిలి మధ్యాహ్నానికి మళ్ళీ ఊడవాలి. పత్తి తీసేవేళ రోడ్డు పక్క చేలలో దూది రంగు మారితే కొనేవాడు ధర తగ్గిస్తాడు. ఆ తగ్గుదల ఏ పరిహారం జాబితాలోనూ కనిపించదు.

ఇదే బొగ్గు రైలు మీద పోతే ఎలా వుంటుంది? ఒక ర్యాకులో 58 లేక 59 వ్యాగన్లు వుంటాయి. సుమారు 4,000 టన్నులు ఎక్కుతుంది. పై లెక్కలోని గనికి రోజుకు నాలుగు ర్యాకుల పైచిలుకు చాలు. ఒక్క ర్యాకు 160 లారీలకు సమానం. రైలు పోయేటప్పుడు గేటు దగ్గర కొంతసేపు ఆగవలసి వస్తుంది. నిమిషానికి ఒకసారి ప్రాణం అరచేత పట్టుకోవలసిన పని లేదు.

దారులు వేరే లేవా?

లారీ తప్ప దారి లేదనే మాట తరచు వినవస్తుంది. సింగరేణి చరిత్రే దానికి జవాబు చెబుతున్నది. రామగుండం మొదటి ఓపెన్ కాస్టులో 1986లో డ్రాగ్‌లైన్ వచ్చింది. ఈ భారీ యంత్రం తీసిన మట్టిని డంపర్లతో పని లేకుండా బొగ్గు తీసేసిన పక్క గొయ్యిలోకే విసిరివేస్తుంది. రెండవ ఓపెన్ కాస్టులో 1994లో గొయ్యిలోనే క్రషరు పెట్టి బెల్టు మీద పైకి పంపే పద్ధతి ప్రవేశపెట్టారు. 1983లో కరెంటు తయారీ మొదలుపెట్టిన రామగుండం ఎన్‌టీపీసీకి బొగ్గు చేర్చడానికి ప్రత్యేక రైలుమార్గమే వున్నది. నింపిన రైలు ప్లాంటు దగ్గర బొగ్గు దించి, చుట్టూ తిరిగి మళ్ళీ గని దగ్గరకే వస్తుంది.

దీనిని బట్టి తెలిసేది ఏమంటే, బెల్టూ పట్టాలూ మన బొగ్గు ప్రాంతానికి తెలియనివి కావు. ఖర్చు, కాలం అనే రెండు అడ్డంకులు మాత్రం వున్నాయి. లారీ రేపే దొరుకుతుంది. పట్టాలు వేయడానికి ఏళ్ళు పడుతుంది, భూమి కావాలి, అనుమతులు కావాలి. గని మాత్రం మొదటి ఏడు నుంచే బొగ్గు ఇవ్వాలి. అందువల్ల "ప్రస్తుతానికి లారీలు, తరువాత రైలు" అనే మాట పుడుతుంది. ఆ 'ప్రస్తుతానికి' అన్న మాటకు గడువు లేకపోవడమే అసలు ఇబ్బంది. గనికి అది ఒక ఏర్పాటు. దారి పక్క పుట్టిన పిల్లకు అది బాల్యమంతా కావచ్చు.

2019 తరువాత కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ కూడా పెద్ద గనుల నుంచి రైలు ఎక్కించే చోటు దాకా బెల్టుల మీద, సైలోల ద్వారా బొగ్గు తరలించే పథకాన్ని చేపట్టింది. రోడ్డు రవాణా తగ్గించడం దాని ఉద్దేశాలలో ఒకటి. అంటే ఊరివారు అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. ప్రభుత్వం తానే మంచిదన్న పద్ధతి.

రైలు వచ్చాక మిగిలిన చిక్కులు

రైలు వస్తే అంతా తీరిపోయిందనుకోవడం కూడా పొరపాటే. బొగ్గు రైలెక్కాలంటే ముందు దానిని పగలగొట్టాలి, బెల్టు మీద ఎత్తాలి, సైలో అనే పెద్ద గాదెలో నింపాలి, కింద నిలిచిన వ్యాగన్లలోకి వదలాలి. ఈ పని ఇదివరకు పలుచోట్ల జరిగేది, ఇప్పుడు ఒకేచోట జరుగుతుంది. దుమ్ము కూడా ఒకేచోటికి చేరుతుంది. సత్తుపల్లి దగ్గర కిష్టారంలో సైలో బంకరు పక్క కాలనీవాసులు దుమ్ము బాధ తాళలేక ఆందోళనకు దిగిన సంగతి జిల్లా ప్రజలకు తెలిసినదే. యాభై కిలోమీటర్ల రోడ్డు పొడవునా పరచుకున్న బరువు కొన్ని ఇళ్ళ మీదికి జరిగితే, ఎక్కువమందికి మేలు జరిగిందని సంతోషించి ఆ కొద్దిమందిని మరచిపోవడం న్యాయం అనిపించుకోదు. బెల్టుకు పైకప్పు, బొగ్గు పడేచోట నీటి జల్లు, సైలోకూ ఇళ్ళకూ మధ్య తగిన దూరం, అది కుదరకపోతే వారికి వేరేచోట ఇళ్ళు - ఇవన్నీ కట్టడానికి ముందే తేలవలసిన సంగతులు.

రెండవ చిక్కు బతుకుదెరువుది. లారీ దుమ్ము మాత్రమే తెచ్చిందనడం సరికాదు. అది కొందరికి అన్నం కూడా పెట్టింది. కిస్తీల మీద లారీ కొన్నవారు, డ్రైవర్లు, క్లీనర్లు, పంక్చరు షాపులు, దారి పక్క హోటళ్ళు ఆ రాకపోకల మీదనే ఆధారపడతాయి. రోడ్డు రవాణా తగ్గినచోట వీరి మీద దెబ్బ పడడం సహజం. భూమి పోయినవారిలో కొందరు పరిహారం డబ్బుతో లారీ కొనడమూ బొగ్గు ఊళ్ళలో జరిగేదే. అటువంటివారికి ఒకే గని రెండుసార్లు దెబ్బ కొట్టినట్టవుతుంది. కాబట్టి రైలు ఎప్పుడు వస్తుందో ముందే తేదీ చెప్పడం దారి పక్కవారికే కాదు, లారీ కొనబోయేవారికీ అవసరం. రేపు పట్టాలు వస్తాయని తెలిస్తే ఏడేళ్ళ అప్పు చేసి ఎవరూ లారీ కొనరు.

సభలో అడగవలసిన ప్రశ్నలు

ఈ విషయాలన్నీ మాట్లాడడానికి చట్టం ఒక చోటు చూపించింది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. కొన్ని విస్తరణలకు కేంద్రం మినహాయింపులు ఇచ్చినందున, జరిగే ప్రతి సభా విలువైనదే. కాలుష్య నియంత్రణ మండలి దీనిని ఏర్పాటు చేస్తుంది. కలెక్టరుగాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారిగాని అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటన వేయాలి. పత్రికలు చేరని చోట డప్పు చాటింపు వేయించాలని కూడా అందులో వున్నది. గని వల్ల కలిగే ప్రభావాల సారాంశం తెలుగులో దొరకాలి. సభకు వచ్చిన ప్రతివారికీ వివరాలు అడిగే అవకాశం ఇవ్వాలి. రాతపూర్వకంగానూ అభిప్రాయం పంపవచ్చు.

సాధారణంగా ఈ సభలలో మాటంతా భూమి ధర, ఉద్యోగాల చుట్టూ తిరుగుతుంది. అది సహజమే. కాని సభకు వచ్చేది గొయ్యి ఊరివారే. దారి ఊళ్ళవారికి ఆ సభ తమది కూడానన్న సంగతే తెలియదు. లారీలు నడవడం మొదలైన తరువాత తెలిసి ధర్నా చేస్తారు. అప్పటికి సంతకాలు అయిపోయి వుంటాయి. అందుచేత గొయ్యి ఊరి సర్పంచి దారి ఊళ్ళ సర్పంచులకు కబురు పెట్టడం, వారు వచ్చి మాట్లాడడం ముఖ్యం. అక్కడ అడగవలసినవి ఇవి:

ఒకటి: బొగ్గు గేటు దాటాక ఏ రోడ్డు మీద, ఏ ఏ ఊళ్ళ గుండా పోతుంది? రైలు లేక బెల్టు ఎప్పటికి సిద్ధం? గడువు దాటితే ఉత్పత్తి తగ్గిస్తారా, లారీలు కొనసాగిస్తారా?

రెండు: అందాకా రోజుకు ఎన్ని లారీలు? బడి వేళల్లో, రాత్రి వేళల్లో ఆపుతారా?

మూడు: లారీల మీద టార్పాలిన్, గేటు దగ్గర చక్రాలు కడిగే ఏర్పాటు, రోడ్డు మీద నీళ్ళు, గుంతల మరమ్మతు - ఒక్కొక్కదానికి బాధ్యుడు ఎవరు? ఆ బాధ్యుని ఫోను నంబరు పంచాయతీలో వుంటుందా?

నాలుగు: పేలుడు వేళ ఏది? నేల అదురు అంకెలు ఊరిలో ఎక్కడ రాస్తారు?

ఐదు: సైలోకు, క్రషరుకు దగ్గర ఇల్లు ఎంత దూరం? అక్కడ దుమ్ము కొలిచే యంత్రం పెడతారా?

ఆరు: జిల్లా ఖనిజ నిధిలో దారి ఊళ్ళ వాటా ఎంత?

ఈ ఆరవ ప్రశ్నను చిన్నదిగా చూడరాదు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పడ్డాయి. గనివారు కట్టే రాయల్టీ మీద కొంత భాగం అదనంగా ఈ నిధికి జమ చేయాలి. ఆ నిధి ఖర్చుకు అదే ఏడు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలలో, గని వల్ల నేరుగా దెబ్బతినే ప్రాంతాలంటే తవ్వే చోటు, పేల్చే చోటు, మట్టి పోసే చోటుతో పాటు ఖనిజం రవాణా అయ్యే దారులను కూడా పేర్కొన్నారు. తాగునీరు, వైద్యం, కాలుష్య నివారణ వంటివాటికి మొదటి చోటు ఇచ్చారు. దారి పక్క పంచాయతీ ఒక తీర్మానం చేసి "మేమూ గని ఊరివారమే" అని అడగడానికి ఇంతకన్నా ఆధారం అక్కరలేదు. అడిగిన పంచాయతీలు ఎన్ని? అన్నదే ఆలోచించవలసిన విషయం.

సంతకం దాకా కదలరాదు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత గని ఊళ్ళకు బాగా తెలుసు. సభలో ఇచ్చిన మాట సభతోనే గాలికి పోకుండా వుండాలంటే అది కాగితం మీదికి ఎక్కాలి. దానికీ నోటిఫికేషన్‌లో ఏర్పాటు వున్నది. సభంతా వీడియో తీయాలి. సభ చివర, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని అక్కడ వున్నవారికి స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఒప్పుకున్న ఆ కాగితం మీద అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం చేయాలి.

కాని జరిగేది ఏమిటి? ఉదయం టెంటు నిండా జనం వుంటారు. నాయకులు మాట్లాడి వెళ్ళిపోతారు. భోజనం పొట్లాలు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. ఎండ తగ్గి, కాగితం చదివే వేళకు మిగిలేది అధికారులు, పోలీసులు, టెంటు విప్పేవారు. తన మాట అందులో ఎలా రాశారో వినడానికి మాట్లాడినవాడే వుండడు. ఊరి నుంచి పదిమంది అయినా ఆ వేళదాకా కూర్చోవాలి. "రైలు వచ్చేదాకా లారీలు" అని చదివితే "ఏ తేదీ దాకా?" అని లేచి అడగాలి. ఆ తేదీ రాయించాకనే ఇంటికి రావాలి.

సత్తుపల్లి బొగ్గుకు పట్టాలు వచ్చాయి. వాటి కోసం దారి పక్క ఊళ్ళవారు ఏళ్ళ తరబడి దుమ్ము మింగారు. తరువాత గనికి కూడా బొగ్గు దారిని ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఆ కాగితం చదివే సాయంత్రం మన ఊరివారు టెంటు కింద వుంటారా, లేదా అన్నది మాత్రం మన చేతిలోనే వున్నది.